పది వాక్యాల్లో ఉత్తరం

ఆఖరి పీరియడు. ఇంగ్లీషు. చెప్పేవారికీ ఓపిక లేదు, వినేవాళ్ళకీ లేదు.

త్యాగరాజు మేష్టారు బోర్డు మీద తేదీ వేశారు. 12-8-1968. దాని కింద పాఠ్యపుస్తకంలోని ప్రశ్న ఉన్నదున్నట్టు దింపేశారు. దూరాన ఉంటున్న మీ తండ్రిగారికి పది వాక్యాల్లో ఉత్తరం రాయండి. పుస్తకంలో ఏముంటే అదే ఇవ్వడం ఆయన అలవాటు. ఎవరికిస్తున్నామన్న ఆలోచన ఉండదు.

"మా నాన్న ఊళ్ళోనే ఉన్నాడు కదండీ మేష్టారూ, నానేటి రాయాల?" అన్నాడు అసిరయ్య.

"లేడనుకుని రాయరా."

నవ్వబోయినవాళ్ళు చూడామణి వైపు చూసి ఊరుకున్నారు.

ఆ పిల్లకి అనుకోవలసిన అవసరం లేదు. నాలుగేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఇల్లు విడిచిపోయి వేరే కాపురం పెట్టాడు. నెల్లాళ్ళుగా నాయనమ్మ మంచం మీద ఉంది. అన్నం మానేసింది. కొడుకుని ఒక్కసారి చూస్తే చాలంటోంది. తల్లి జ్ఞానాంబ మూడు ఉత్తరాలు రాసి పంపింది. మూడూ విప్పకుండానే తిరిగొచ్చాయి.

చూడామణి కలం తీసింది. వచ్చిన ఆ కాస్త ఇంగ్లీషులోనే రాసింది. నాన్నగారూ, నాయనమ్మకి బాగాలేదు. రోజూ మిమ్మల్నే అడుగుతోంది. మేమెవరమూ మిమ్మల్ని ఏమీ అనం. అమ్మ లోపలి గదిలోనే ఉండిపోతుంది. ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళిపోండి.

పది వాక్యాలు కాలేదు. ఇంకేం రాయాలో తోచలేదు. పద్నాలుగేళ్ళకే అలిసిపోయింది పాపం.

మేష్టారు బల్ల దగ్గరే కూచుని ఒక్కొక్క పుస్తకం దిద్దుతున్నారు. చూడామణిది వచ్చేసరికి ఎర్రసిరా కలం ఆగింది. చాలాసేపే ఆగింది. నెల్లిమర్ల మిల్లు సైరను మోగింది. కలం మళ్ళీ కదిలింది.

"తప్పులున్నాయి, చూసుకో" అన్నారు తలెత్తకుండా.

ఇంకేమైనా అంటారేమోనని ఆ పిల్ల అక్కడే నిలబడింది.

"వెళ్ళు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి జ్ఞానాంబ అత్తగారికి చెంచాతో గంజి పడుతోంది. ముసలావిడ మింగడం లేదు. పట్టినదంతా చెంపల మీదుగా కారిపోతోంది.

"నాన్నకి ఉత్తరం రాశానమ్మా" అంది చూడామణి.

జ్ఞానాంబ చెంచా గిన్నెలో పడేసింది. కోప్పడదామన్నా ఓపిక లేదావిడకి.

"ఎందుకే నీకీ ఆరాటం? ఆయన చదివితే గదా!"

"చదివారమ్మా నాన్న. పదికి ఆరు మార్కులు వేశారు."