తడిసిన రెగ్యులేటర్

“ముంచేశావా పిన్నీ! కొత్త గ్యాసు రెగ్యులేటర్ని బకెట్లో ముంచేశావా!”

కాశీయాత్ర బస్సు నడిపే ప్రసాద్ దాన్ని లాక్కుని విదిలించాడు. నీళ్ళు బొటబొటా కారాయి.

“బజారు వస్తువు మడివంటలోకి ఊరికే ఎలా వస్తుందిరా? కూరగాయలతో పాటే కడిగాను,” అంది బస్సులో వంటచేసే జగదాంబ.

“పెద్ద పొయ్యికి సరిపోయేది ఏరి ఏరి తెచ్చానే! లోపలికి నీళ్ళు పోయాక ఇంకెందుకు పనికొస్తుంది?”

రావులపాలెం రోడ్డు పక్కన ఆగి ఉన్న బస్సులోంచి ఎవరో అరిచారు. “భోజనాలు ఈ పూటేనాండీ, కాశీ వెళ్ళాకా?”

ప్రసాద్ గబగబా చెత్తలోంచి పాత రెగ్యులేటర్ తీశాడు. “కాస్త గ్యాసు కారితే కారిందిలే. గుడ్డ చుట్టి బిగిస్తాను. ఈ పూటకి వెలిగించెయ్.”

“వెలిగిస్తాను. ముందు వెనక సీట్లో ఉన్న మీ అమ్మని దింపిరా.”

ప్రసాద్ చెయ్యి ఆగిపోయింది. ఆ సీటుకీ పొయ్యికీ మధ్య ఒక్క రేకే అడ్డం.

పాతదాన్ని పక్కనున్న కాలవలోకి విసిరేశాడు. “మళ్ళీ బజారుకెళ్ళొస్తాను. అందాకా అందరికీ అరటిపళ్ళు పంచు.”

రోడ్డెక్కుతుంటే వెనకనుంచి పిన్ని కేకేసింది.

“ఒరేయ్, ఈసారి కడగనులే. ఈ పూటకి నా మడి పోతే పోయింది.”