కొత్తగా పాతిన గుంజలు

వోరు చేతికర్ర హమ్మా భుజం మీద ఫెళ్ళున పడింది.

"ఎవడ్రా నువ్వు? మా ఊళ్ళోకి మందను తోలుకొస్తావా?"

ఏటా కోతలయ్యాక నైజర్ నుంచి హమ్మా ఆవులు బెనిన్‌లోని ఈ ఊరికొచ్చి, వోరు చేలో పడుకునేవి. ఎరువు వోరుకి, జొన్నలు హమ్మాకి. ఇప్పుడు నైజర్, పశ్చిమాఫ్రికా దేశాల కూటమి నుంచి తప్పుకుంది. సరిహద్దు దాటే మందల కాగితాలు చెల్లవు. మందను తెచ్చినవాణ్ణీ, పిలిచినవాణ్ణీ నరుకుతామని ఊరి కుర్రాళ్ళు ఒట్టేసుకున్నారు. అయినా ఎరువు లేక చేను చచ్చిపోతోందని వోరు హమ్మాకి గుట్టుగా కబురు పెట్టాడు.

ఆ కుర్రాళ్ళలో ఒకడైన బియో కత్తి దూసి ముందుకొచ్చాడు. తన కర్రదెబ్బతో అయితే చవకలో తేలిపోతుంది, బియో కత్తికి హమ్మా ప్రాణమే పోతుంది. అలా లెక్కవేసుకుని వోరు మళ్ళీ కొట్టాడు. హమ్మా నోట నెత్తురు వచ్చింది గాని, వోరు పేరు రాలేదు.

బియో కత్తి మందలో ముందున్న ఆవు తొడలో దిగింది. మంద బెదిరి, నేరుగా వోరు చేలోకి పరిగెత్తి, పాత చోటనే పడుకుంది. వెంటపడిన జనానికి అక్కడ దూడల్ని కట్టే గుంజలు కనిపించాయి. కింద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇవెవరు పాతారన్నా?" వోరుని అడిగిన బియో గొంతు మారింది.

"నేనే," హమ్మా దగ్గుతూ అన్నాడు. "దొంగతనంగా వచ్చి పాతాను. ఈ పెద్దమనిషెవరో నాకు తెలీదు."

వోరు లెక్క అక్కడ తప్పింది. తాను కాపాడుతున్నాననుకున్నవాడే తనను కాపాడుతున్నాడు.

వోరు కర్ర పారేసి, వణుకుతున్న దూడనొకదాన్ని ఎత్తుకొచ్చి మొదటి గుంజకు కట్టాడు.

"ఇది నేను పాతిన గుంజ, బియో," అన్నాడు, తల తిప్పకుండా. "నరకాలంటే ముందు నా దగ్గరికి రా."