ముక్కుకు కట్టిన గుడ్డ

ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే ఆశ్రమం గోడ మీద అమ్మవారి బొమ్మ వేస్తున్న చిత్రకారుడు మూడో రోజూ ముక్కుకు గుడ్డ బిగించే లోపలికొచ్చాడు. మాసిన దుప్పట్లు, చీముపట్టిన కాళ్లు, ఉచ్చ కంపు.

సగమైన బొమ్మ ముందు ఓ ముసలామె, మరో నలుగురు మూతులకు చింకిగుడ్డలు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"నన్నే వెక్కిరిస్తున్నారా?" కసురుకున్నాడు.

"అయ్యో, ఎంతమాట బాబూ!" అంది ముసలామె. "మన ఊపిరి అమ్మకు తగలకూడదనేగా నువ్వు కట్టుకుంటున్నావు? నువ్వే అంత శుచిగా ఉంటే మేమెంత? అందుకే మేమూ కట్టుకున్నాం."

అతనికి తన మీద తనకే రోత పుట్టింది. గుడ్డ పీకి పారేశాడు.

ముసలామె గాభరాగా తన పుండ్ల చేతిని అతని నోటికి అడ్డం పెట్టింది.

"అయ్యో బాబూ, అమ్మ మీద ఊపిరి పడుతుంది!"