వేస్టు డబ్బా

"డబ్బా ఖాళీగా ఉందేంటి బాబాయ్?"

మెషిన్ బాబాయ్ తల ఎత్తలేదు. రోలరుకి అంటిన నీలం ఇంకుని గుడ్డతో తుడుస్తూ, "నీకు పనికొచ్చే వేస్టు లేదమ్మాయ్" అన్నాడు.

డిజైనరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ప్రింటింగ్ ప్రెస్సులో వేస్టు లేకపోవడమేమిటి? రంగులు కుదిరేదాకా పనికిరాని కాగితాలనే మెషిన్లో మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. ఒకదాని మీద ఒకటి నాలుగైదు అచ్చులు పడతాయి. తలకిందులైన ఎరుపు పక్కన ఎవరూ అనుకోని పసుపు, సగం తెగిన గుండ్రం మీద సన్నటి గీతలు. అందరికీ అది చెత్త. ఆమెకి మాత్రం అందులోనే బొమ్మలు కనపడేవి. పొద్దున్నే మేడ దిగొచ్చి ఆ డబ్బాలోంచి రెండు కాగితాలు ఏరుకుంటేనే ఆమెకి పని మొదలైనట్టు. ఐడియాలు ఎక్కడినుంచి వస్తాయని ఎవరడిగినా "చెత్తలోంచి" అని దర్జాగా చెప్పేది. వాళ్ళు వేళాకోళమనుకుని నవ్వేవాళ్ళు.

"ఆ మూలన అంత కట్ట ఉందిగా?"

"అవన్నీ కరపత్రాలు. కావాలంటే చూసుకో."

చూసింది. అంతా బురద రంగు. ఒక్కటీ కంటికి ఆనలేదు.

"నిజం చెప్పు. కొత్తగా చేరిన ఆ కళ్ళజోడు డిజైనరుకి ఇచ్చేశావు కదూ?"

"అతను చేరిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా ఈ మెట్లు దిగాడా?"

"మరి ఏమైపోయాయి?"

"మూడింటికి పబ్లిషరుగారు వస్తున్నారటగా. ముందు ఆ పని చూసుకో. తర్వాత చెప్తా."

ఆమె విసవిసా మెట్లెక్కేసింది.

చేయాల్సింది పిల్లల నిఘంటువుకి అట్ట. ఆ పబ్లిషరు ఇప్పటికే రెండుచోట్ల చేయించి, నచ్చక పక్కన పడేశాడు. "ఇది కుదరకపోతే ఈ ఏడాది బడి పుస్తకాలన్నీ మన చెయ్యి జారినట్టే" అని మేనేజరు పొద్దుట్నుంచి మూడుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆమె పెన్సిలు చెక్కింది. మళ్ళీ చెక్కింది. పెన్సిలు సగమైంది గానీ కాగితం మీద గీత పడలేదు. బాబాయ్ మీద కోపం మాత్రం పెరుగుతూ పోయింది.

పన్నెండవుతుండగా కిటికీ కింద బడి బస్సొచ్చి ఆగింది. చిన్నపిల్లలు దిగుతున్నారు. ఒకడు రెండు కాళ్ళూ కలిపి దూకాడు. ఒకడి సంచీ తలుపుకి తగులుకుని వాణ్ణి వెనక్కి లాగుతోంది. ఒక పిల్లకి టోపీ కళ్ళ మీదకి జారింది. ఆ పిల్ల దాన్ని సర్దుకోకుండా మొహం పైకెత్తి, టోపీ కిందనుంచి దారి చూసుకుంటూ నడిచిపోయింది.

డిజైనరమ్మ చెయ్యి దానంతటదే కదిలింది.

బస్సులోంచి పిల్లలకి బదులు అక్షరాలు దిగడం మొదలుపెట్టాయి. తలకట్టు కళ్ళ మీదకి జారినది ఒకటి. తలుపుకి కొమ్ము తగులుకుని వేలాడేది ఒకటి. గబుక్కున దూకి ఒత్తు ఎక్కడో పారేసుకుని, వంగి నేలంతా వెతుక్కునేది ఒకటి. ఏ రంగు ఎక్కడ వేయాలో ఆమె ఎవర్నీ అడగలేదు, దేన్నీ చూడలేదు. భోజనం సంగతి కూడా గుర్తు రాలేదు.

మూడింటికి పబ్లిషరు ఆ అట్టని చేతిలోకి తీసుకుని ఒక్కో అక్షరాన్నీ దగ్గరగా చూశాడు.

"ఈ ఒత్తు పారేసుకున్నది అచ్చం మా మనవరాలే" అన్నాడు చివరికి. "ఇంకేం ముట్టుకోకండి. అచ్చుకి ఇచ్చెయ్యండి."

ఆమె రెండేసి మెట్లు దిగుతూ కిందకి వచ్చింది. అట్టని బాబాయ్ ముందు పెట్టింది.

"చూడు. నీ వేస్టు లేకుండానే చేశాను."

బాబాయ్ చేతులు శుభ్రంగా తుడుచుకున్నాడు. అట్టని అంచులతో పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. అతని మొహం విప్పారింది.

"హమ్మయ్య. నా బెంగ తీరింది."

"నీకేం బెంగ? ఇప్పుడు చెప్పు, నా కాగితాలు ఎవరి పాలు చేశావ్?"

"ఎవరి పాలూ చెయ్యలేదు. అవి నీవే."

"నావేంటి?"

"నువ్వు చేరిన కొత్తలో పని ఇచ్చిన పార్టీలు బాగాలేవని తిప్పికొట్టిన నీ డిజైన్లు. వాటి ప్రూఫులన్నీ ఇక్కడే కట్టలు కట్టలుగా పడుండేవి. పారెయ్యడానికి మనసొప్పలేదు. రోజుకి రెండు తీసి, తలకిందులు చేసి మెషిన్లో తిప్పి, నీ కోసం డబ్బాలో వేసేవాణ్ణి. మూడు రంగులు మీద పడ్డాక కన్నతల్లి కూడా గుర్తుపట్టదులే."

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"అయితే ఆ మిగతావి కూడా ఇచ్చెయ్యి బాబాయ్. దాచుకుంటాను."

"మిగతావెక్కడివి? నిన్నటితో ఆఖరి కట్ట అయిపోయింది" అన్నాడు బాబాయ్, కొత్త అట్టని మెషిన్ పక్కన జాగ్రత్తగా పెడుతూ. "రెండేళ్ళయింది, నీది ఒక్కటీ వెనక్కి రావడం లేదు. ఇంక వేస్టు నేనెక్కణ్ణుంచి తెచ్చేది తల్లీ?"