తలుపు మరిచిన రాకెట్టు

ఏ కథకు బొమ్మ వెయ్యాలన్నా కిటికీ లేని తన మేడగదినే చూసి గీయడం ఆ ఆర్టిస్టుకు అలవాటు. ఈసారి వచ్చింది కడుపుబ్బ నవ్వించే నవల. రాకెట్టు కట్టినవాళ్లు దానికి తలుపు పెట్టడం మరిచిపోతారు. లోపలున్నవాళ్లకు ఆ సంగతి ఆకాశంలోకి వెళ్లాక గానీ తెలియదు.

ఆ రాత్రి రాకెట్టు లోపలి గదికి తన మంచం, బీరువా గీసి, అలవాటుకొద్దీ తలుపు కూడా గీసేసింది. నాలుక కరుచుకుని దానిమీద తెల్లరంగు దట్టంగా పూసింది. తన గది తలుపు సందులోంచి అప్పటిదాకా వినిపిస్తున్న వీధికుక్కల అరుపులు ఠక్కున ఆగిపోయాయి.

కాసేపటికి మెట్లమీద అన్నయ్య చెప్పుల చప్పుడు. భోజనం తెస్తానని ఇందాకే చెప్పాడు.

"తోసుకుని రా అన్నయ్యా, గడియ వెయ్యలేదు," అంది తలెత్తకుండానే.

"ఏం తొయ్యమంటావే? ఇక్కడంతా గోడేగా!" గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది.

"చాల్లే వేళాకోళం," అంటూ వెనక్కి తిరిగింది. తలుపుండాల్సిన చోట గోడ తెల్లగా, తడితడిగా మెరుస్తోంది.

బొమ్మమీది రంగును గోళ్లతో గీకింది. కింద ఉత్త కాగితమే ఉంది.

"అన్నయ్యా, వెళ్లకు!"

గోడ అవతల అన్నయ్య తనలో తాను గొణుక్కోవడం వినిపించింది.

"ఇంతకీ ఈ మెట్లెందుకెక్కాను నేను?"

చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టే దిగిపోయింది.