వంగిన నడక

వెనక ఆడపిల్లల నవ్వు వినిపించి మొగులమ్మ చీపురు ఆపింది.

తిరిగి చూసింది. వారం క్రితం ఫ్యాక్టరీకి వచ్చిన కొత్తాయన చేతిలో చీపురు పట్టుకుని, నడుము సగానికి వంచి, అచ్చం ఆమెలాగే నడుస్తున్నాడు.

"ఏంది సారూ గిది? నాట్లేసి నాట్లేసి వంగిన నడుము. నీకు ఆటయిందా?"

"అమ్మా, జెర నా మాట..."

"నీ మాట నాకెందుకు? మీ అమ్మ నడిస్తే గిట్లనే ఎక్కిరిస్తవా?"

పటాన్‌చెరు పక్కనున్న ఆ షెడ్డులోకి డ్రైవర్లు లేని ట్రాలీలు కొత్తగా వచ్చాయి. ఇనుప సామాను మోసుకు తిరిగే వాటికి దారి చెప్పే మనిషంటూ లేడు. ఏది ముందు పోవాలో, ఏది ఆగాలో అవే తమలో తాము మాట్లాడుకుంటాయట. వాటిని చూస్తేనే మొగులమ్మకు గుండె దడ. వాటితోపాటే వచ్చిన ఈయనేమో రోజంతా వాటి ముందే తిరుగుతాడు.

ఆ పూటే సూపర్‌వైజర్ దశరథ్ దగ్గరికి పోయింది.

"ఆయనన్నా ఉండాలె, నేనన్నా ఉండాలె సారూ."

మాట పైదాకా పోయింది. ట్రాలీలు బాగానే తిరుగుతున్నాయి కదా, ఇక నీతో పనేముందని సాయంత్రానికల్లా ఆయనను పంపేశారు.

పోతూ పోతూ ఆయన చీపురు గోడకు ఆనించి, ఆమెకు దండం పెట్టాడు.

మొగులమ్మ మొహం తిప్పుకుంది.

నెల గడిచింది.

కింద పడిన గుడ్డపీలిక కోసం వంగిన మొగులమ్మకు వెనక చప్పుడు వినబడలేదు. ఎవరో కేక వేశారు. తిరిగేసరికి ఇనుప దూలాలతో వచ్చిన ట్రాలీ ఆమె కొంగుకు జానెడు దూరంలో ఆగి ఉంది. దాని వెనకదీ ఆగింది. మిగతావి ఎవరూ చెప్పకుండానే పక్క దారికి మళ్లాయి.

దశరథ్ ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. ట్రాలీలు పంపిన కంపెనీకి ఫోన్ చేసి, చాలాసేపు విని, పెట్టేశాడు.

"ఏమన్నరు సారూ?"

"నిటారుగ నడిచేటోళ్లనైతే అవి మొదట్నుంచీ గుర్తుపడతయట. వంగినోళ్లను మనిషని తెలుసుకునేసరికి ఆలస్యమయ్యేదట. రెప్పపాటు లేటుగ ఆగినా ఆగనట్టే గద."

మొగులమ్మ గ్లాసు కింద పెట్టింది.

"మరి ఇయ్యాల నన్నెట్ల గుర్తుపట్టింది?"

ఆయన చీపురు ఆనించి పోయిన గోడవైపు చూశాడు దశరథ్.

"ఆ సారు వారమంతా నీలెక్క వంగి వాటికి ఎదురుపోయి, గిట్ల నడిచేది కూడా మనిషేనని నేర్పించి పోయిండట పెద్దమ్మా."