సంజాయిషీ

దీపిక మోచేతి పైన నాలుగు వేళ్ల అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి.

మోతీలాల్ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"ఏందే అది?"

"ఏం లేదు నాన్నా."

"ఎవరు పట్టుకున్నరు?"

దీపిక తల వంచుకుని చెప్పింది.

"కండక్టరమ్మ. రెక్క పట్టి బస్సు లోపటికి గుంజింది."

"అందరి ముందటనా?"

"అవ్."

"ఎందుకు?"

దీపిక చున్నీ కప్పుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

మోతీలాల్ పాల్వంచలో కరెంటు ప్లాంటు ఉద్యోగి. భార్య సువర్ణ కాలు విరిగిన తల్లిని చూసుకోవడానికి కుసుమంచి వెళ్లి నెల దాటింది. వంట చేయాలి, షిఫ్టుకు పోవాలి, పదిహేడేళ్ల కూతురి మనసులో ఏముందో కనుక్కోవాలి. మొదటి రెండు పనులకే అతని ఓపిక అయిపోతోంది.

దీపికది ఇంటర్ రెండో సంవత్సరం. రోజూ భద్రాచలం కాలేజీకి బస్సులో వెళ్లి వస్తుంది. తమ తండాలో మొదటి ఇంజనీరు తన కూతురే అవుతుందని మోతీలాల్ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా డిపోకు వెళ్లాడు. కంప్లైంట్ రాసిచ్చాడు. ఆ కండక్టర్ టికెట్ మిషన్ అప్పగిస్తూ అక్కడే కనిపించింది. నడివయసు మనిషి. పేరు సంపూర్ణ.

"నా బిడ్డ మీద చెయ్యేస్తవా? నీకు పిల్లలు లేరా?"

ఆమె అంతా విన్నది.

"పాపను రేపు కూడ కాలేజీకి పంపియ్యండి సార్" అంది.

అంతే. తప్పయిందన్న మాట లేదు. మోతీలాల్‌కు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి కూతురితో చెప్పాడు.

"కంప్లైంట్ ఇచ్చిన. ఇగ నీ జోలికి రాదు."

దీపిక సగం తిన్న కంచం ముందు నుంచి లేచిపోయింది.

పదిహేను రోజులకు సంపూర్ణను వేరే జిల్లాకు బదిలీ చేసినట్టు డిపో నుంచి ఫోన్ వచ్చింది.

ఆ మర్నాటి నుంచి దీపిక కాలేజీ మానేసింది.

మొదటి రోజు జ్వరమంది. రెండో రోజు తలనొప్పి అంది. మూడో రోజు ఏమీ అనలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మోతీలాల్ ఇంటికి వచ్చేసరికి పొద్దున వండిన అన్నం వండినట్టే ఉంది. తిట్టాలని నోరు తెరిచాడు. వరసగా రెండు షిఫ్టులు చేసిన ఒళ్లు. కూతురి మంచం పక్కన, గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

ఏమీ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

ఫ్యాన్ తిరుగుతోంది. అరగంట గడిచింది.

"నాన్నా, నేను ఫస్టియర్ల రెండు సబ్జెక్టులు ఫెయిలైన."

పాసైన అన్నవ్ గద, అనబోయాడు. కూతురి మొహం చూసి ఊరుకున్నాడు.

"నువ్వు అందరికి చెప్పుకున్నవ్. నేనేమని చెప్పాలె? ఆ రోజు బస్సు బ్రిడ్జి కాడ ఆగింది. దిగిన. గోదారి దిక్కు నడిచిన. ఇంటికి రావొద్దనుకున్న."

ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనకనించి ఉరికొచ్చి పట్టుకుంది కండక్టరమ్మ. ఇడిపిచ్చుకోబోతే ఇంకా గట్టిగ పట్టింది. అందరు చూస్తున్నరు. ఆడోళ్లకు ఫ్రీ అయినా జీరో టికెట్ తీస్కోవాలె, తీస్కోకుండ యాడికి దిగుతవ్ అని గట్టిగ తిట్టింది. టికెట్ లొల్లే అనుకున్నరు అందరు."

"తర్వాత?"

"రోజు తన పక్కనే కూసోబెట్టుకునేది. ఏం అడగకపోయేది. దిగేటప్పుడు మాత్రం, రేపు నువ్వు ఎక్కకపోతే బస్సు కదలనియ్య అనేది. నువ్వు కంప్లైంట్ ఇచ్చినవని తెల్సు నాన్నా ఆమెకు. తెల్సినంక కూడ నాకు సీటు పెట్టింది."

"ఆమె నాకెందుకు చెప్పలే?"

"మీ నాన్నకు నువ్వే చెప్పాలె, చెప్పేదాంక నేనుంట అన్నది."

మోతీలాల్ లేచి మంచం మీద కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఇంజనీరు గినీరు ఏమొద్దు బిడ్డా. నువ్వుండు, సాలు."

దీపిక ఏడ్చింది. ఊరుకోమని అనలేదు అతను.

మర్నాడు లీవు పెట్టి, దవాఖానాలో కౌన్సెలింగ్ చేసే మేడమ్ దగ్గరికి కూతురిని తీసుకుపోయాడు. సువర్ణను రమ్మని ఫోన్ చేశాడు. ఆమె వచ్చాక డిపోకు వెళ్లాడు.

"కంప్లైంట్ వాపస్ తీసుకుంట" అన్నాడు క్లర్కు కోటేష్‌తో.

"ఇప్పుడేం వాపస్ అన్నా? ఫైలు క్లోజైంది. ఆమె పోయి అక్కడ డ్యూటీల చేరింది గూడ."

"తప్పు ఆమెది కాదు."

కోటేష్ అతని వంక అదోలా చూశాడు.

"ఇరవై రెండేండ్ల సర్వీసుల ఒక్క రిమార్కు లేదు ఆమె మీద. ఏమన్న కారణముంటే చెప్పమ్మా, బదిలీ లేకుండ చూస్త అని మేనేజర్ సారు మూడుసార్లు అడిగిండు. ఇగో, ఈ సంజాయిషీ రాసిచ్చి పోయింది."

నీలం ఇంకుతో నాలుగు వరసలు. మోతీలాల్ నిలబడే చదివాడు.

"ఆ రోజు ఒంట్లో బాగాలేక, చిరాకులో ఆ పాపను చెయ్యి పట్టి లాగాను. పాప బుద్ధిమంతురాలు, ఆమె వల్ల ఏ తప్పూ జరగలేదు. నేను చెప్పుకోవడానికి వేరే కారణం ఏమీ లేదు."